అక్క కుడికాలి శక్తి

మా వీధిలో ఎవరికైనా నడుము పట్టేస్తే ముందు మా ఇంటికి వస్తారు. ఇక్కడ పని కాకపోతేనే డాక్టరు. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది కాబట్టి పట్టేసే నడుములకు ఏనాడూ కొరత లేదు. గోనె కట్ట ఎత్తబోయి ఒకడు వస్తాడు, యంత్రం కింద పడిన నార చుట్ట తీయబోయి అలాగే ఉండిపోయినవాడు ఇంకొకడు. వచ్చినవాళ్ళు మా అరుగు మీద బోర్లా పడుకుంటారు. మా అక్క ఒక చేత్తో స్తంభం పట్టుకుని, కుడికాలి మడమతో వాళ్ళ నడుము మీద మూడుసార్లు తన్నుతుంది. గట్టిగా కాదు, రొట్టెపిండి ముద్దను సర్దినట్టు. అంతే వైద్యం.

ఎందుకంటే మా అక్క ఎదురుకాళ్ళతో పుట్టింది. తలకు బదులు కాళ్ళు ముందుగా బయటికి వచ్చి పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. అందరికీ తెలిసిన నమ్మకమే. కానీ దానికి నియమాలు పెట్టింది మాత్రం మా అక్కే. గురువారం, ఆదివారం ఉదయం, ఎండ రెండో మెట్టు ఎక్కేలోపు రావాలి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు, ఆకూ వక్కా కూడా. తనకంటే పెద్దవాళ్ళయితే ముందు వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టి, తర్వాత తన్నుతుంది. ఒకసారి మాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చారు. అక్క ఆయన పాదాలు కళ్ళకద్దుకుని తన్నింది. ఆయన బోర్లా పడుకునే ఆశీర్వదించారు.

నా సంగతి చెప్పాలి. నేను రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. చాలా ఏళ్ళు శ్రీకాకుళంలో పనిచేశాను. రోజూ నెల్లిమర్లలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణించి బస్సు. నా సీటుకు వచ్చేవి ఎక్కువగా వారసత్వం కాగితాలు. ఎవరైనా పోతే వాళ్ళకు ఎవరెవరు వారసులో విచారించి, వంశవృక్షం గీసి, పైకి పంపడం నా పని. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. వాన పడిందా లేదా, రైలు ఎంత ఆలస్యం, ఇంటికి ఎవరొచ్చారు, ఏం కూర. నా అభిప్రాయాలు రాయను. జరిగింది రాస్తాను.

మా బావ పోయాక అక్క మా ఇంటికి వచ్చేసింది. అప్పటినుంచి వీధి వైపు గది ఆవిడది. అరుగు మీద వైద్యం కూడా నా డైరీలోకి ఎక్కింది. అలా రాయగా రాయగా నాకొక విషయం తెలిసింది. అక్క తన్నినవాళ్ళకు మూడో రోజుకు తగ్గుతోంది. అక్క పూరీ యాత్రకు వెళ్ళిన వారంలో వచ్చి, తన్నించుకోకుండా తిరిగి వెళ్ళినవాళ్ళకు కూడా మూడో రోజుకే తగ్గింది. ఉండబట్టలేక ఆ సంగతి అక్కకు చెప్పాను.

"అలగేటి?" అంది అక్క, చింతపండు గింజలు తీస్తూ. "మరి ఆ మూడ్రోజులూ ఆళ్ళకి దైర్యం ఎవడిస్తాడు? నీ డైరీ ఇస్తాదేటి?"

నేను మాత్రం ఎన్నడూ ఆ అరుగు మీద బోర్లా పడుకోలేదు. డెబ్భై రెండేళ్ళు వచ్చేదాకా నాకు నడుము పట్టలేదు కూడా. అది అక్కకు చిన్న వెలితి. ఊరందర్నీ తన్నింది గానీ సొంత తమ్ముడు దొరకలేదు.

ఇక సీరియల్ సంగతి. రోజూ సాయంత్రం ఏడింటికి అక్క, మా ఆవిడ, మా మనవరాలు టీవీ ముందు కూర్చుంటారు. మనవరాలు మా అబ్బాయి కూతురు. విజయనగరంలో డిగ్రీ చదువుతూ మా దగ్గర ఉంటోంది. ఆ సీరియల్లో ఒక అమ్మాయి కుడి అరచేతిలో శక్తి ఉంటుంది. ఆగిపోయిన దేని మీద చెయ్యి వేసినా అది కదులుతుంది. ఆగిన ఫ్యాను, ఆగిన బస్సు, ఒకసారి ఆగిన గుండె.

నేను వాళ్ళకు వీపు పెట్టి పేపరు చదువుకునేవాణ్ణి. కానీ చెవులకు వీపు ఉండదు కదా. ఆ శక్తి ఎక్కడినుంచి వచ్చిందన్న దగ్గర నా చెవి నిలబడిపోయింది. మొదట్లో, ఆ అమ్మాయి పడవలో పుడుతుండగా పిడుగు పడిందనీ, అదే అరచేతిలోకి దిగిందనీ చెప్పారు. రెండు నెలలయ్యాక పిడుగు ఊసు ఎవరూ ఎత్తలేదు. శక్తి ముత్తమ్మమ్మది అన్నారు. మరి మధ్యలో అమ్మమ్మకూ, అమ్మకూ ఉండాలి కదా. ఉందట, వాళ్ళకు తెలియదట. ఇంకొన్నాళ్ళకు ఆ అమ్మాయిని బాధపెట్టే మేనత్తకు కూడా శక్తి ఉందని బయటపెట్టారు. మేనత్త తండ్రి వైపు మనిషి, ముత్తమ్మమ్మ తల్లి వైపు మనిషి. ఈ రెండు వంశాలకూ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పరు.

నాకు చెయ్యి ఊరుకోలేదు. డైరీ వెనక ఖాళీ పేజీల్లో వంశవృక్షం గీశాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, శక్తి ఉన్నవాళ్ళకు పక్కన చుక్క. గీసి చూస్తే, వాళ్ళు చెప్పిన మాటల ప్రకారమే, ఆ మేనత్త తన తండ్రి పోయిన రెండేళ్ళకు పుట్టింది. భోజనాల దగ్గర ఈ సంగతి ప్రకటించాను.

"ఆఫీసులో ఇలాంటి ఫైలొస్తే ఏం రాసేవారు?" అని అడిగింది మా ఆవిడ.

"మరింత విచారణ అవసరం అని రాసేవాణ్ణి."

"తాతా, నువ్వు ఫ్యాన్ అయిపోయావు, ఒప్పీసుకో," అంది మనవరాలు.

అక్క మాత్రం నా పటాన్ని శ్రద్ధగా చూసింది. తర్వాత మనవరాలి వైపు చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు ఒక కథ ఉంది. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు స్కానింగులో కాళ్ళు కిందికి ఉన్నాయని చెప్పారు. అక్క సంబరం ఇంతా అంతా కాదు. తన తర్వాత తన్నే కాలు ఇంట్లోనే పుడుతోందని వీధంతా చెప్పుకుంది. తీరా డాక్టర్లు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కాళ్ళు ముందా, తల ముందా? కోసి తీసినప్పుడు ఏది ముందంటే ఏం చెప్తాం? అక్క మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పింది. "కోసి తీసిన గుంట లెక్కలోకి రాదు." మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. పిల్లకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఈ సంగతి తెలిసి, తనకు శక్తి లేదని మంచం కింద దూరి ఏడ్చింది. ఆ రోజు డైరీలో రాశాను కూడా. వంకాయ కూర, మనవరాలు మంచం కింద, సాయంత్రానికి బయటికి వచ్చింది.

ఇలా ఉండగా నిరుడు అక్క కుడి మోకాలు మొరాయించింది. ముందు మెట్లు, తర్వాత నడక, చివరికి స్నానాల గది దాకా కూడా గోడ పట్టుకునే వెళ్ళాల్సి వచ్చింది. అరుగు మీద వైద్యం ఆగిపోయింది. కుడికాలు లేవదు. పోనీ ఎడమకాలితో తన్నుదామంటే కుడికాలి మీద నిలబడాలి, అదీ కుదరదు. కూర్చుని తన్నమని ఎవరో సలహా ఇచ్చారు.

"కూసుని తన్నితే అది తన్నడం కాదు, తోసీడం," అని కొట్టిపారేసింది.

విశాఖపట్నంలో డాక్టరు చూసి, మోకాలు అరిగిపోయింది, తీసి లోహపు మోకాలు పెట్టాలన్నాడు. అక్క భయపడుతుందనుకున్నాం. "కొత్తది ఎడితే మళ్ళీ కాలు లేస్తాదా?" అని ఒక్క ప్రశ్న వేసింది. లేస్తుందన్నాడు. సరే అంది. మూడు వారాల్లో తేదీ ఖాయమైంది.

సరిగ్గా అప్పుడే సీరియల్లో ఆ అమ్మాయి మేడ మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు లోపల ఇనుప కడ్డీ వేశారు. కట్టు విప్పాక ఇంటికి వచ్చి ఆగిపోయిన గ్రైండరు మీద అరచెయ్యి పెట్టింది. గ్రైండరు కదల్లేదు. మళ్ళీ పెట్టింది. కదల్లేదు. ఉరుములు, మెరుపులు, అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించి ఆ రోజుకు ఆపేశారు.

అక్క లేచి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళి, మోకాలి ఎక్స్‌రే కవరు బీరువాలో చీరల అడుక్కి తోసి వచ్చింది.

"ఆపరేషన్ లేదు. ఫోన్ సేసి సెప్పీ."

"ఏమైంది అక్కా?"

"సూసావు కదా. ఇనుము ఎట్టగానే ఆ గుంటకి శక్తి పోనాది."

"అది సీరియల్ అక్కా. ఎవరో కూర్చుని రాసింది."

"మరి దానికి నువ్వు ఫైలెందుకు కట్టావు?"

మా ఆవిడ వంటింట్లోంచి, "అడగండి వదినా, గట్టిగా అడగండి," అంది.

"అక్కా, నడవలేకపోతున్నావు. ఇలాగే వదిలేస్తే మంచం మీదే ఉండిపోతావు," అన్నాను.

"మంచమ్మీద ఉన్నా శక్తున్న మనిషినే అవుతాను. ఇనుమెట్టి నడిచినా ఉత్త ముసిల్దాన్నే అవుతాను. ఏది నయం?"

వేళాకోళానికి మొదలైన సీరియల్ మా ఇంటి మీదికి వచ్చి కూర్చుంది. డాక్టరు చెప్పినది స్పష్టంగా ఉంది. ఆరు నెలలు జాప్యం చేస్తే కాలి కండ ఇంకా కరిగిపోతుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా ఇంత ఫలితం ఉండదు.

నేను నా పద్ధతిలో ఆలోచించాను. ఇలాంటి తగువు వస్తే ఆఫీసులో ఏం చేస్తాం? పాత ఫైళ్ళలో ఇదివరకటి నిర్ణయం ఏదైనా ఉందేమో వెతుకుతాం. నాకు లీలగా ఒకటి గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట అక్క రైల్వే స్టేషను మెట్ల మీద జారి కుడికాలు విరగ్గొట్టుకుంది. ఆ నెలల్లో, కట్టు గట్టిపడ్డాక, ఆ కట్టుకాలి మీదే ఆని నిలబడి ఎడమకాలితో తన్నింది. అది పనిచేసిందా లేదా? పనిచేసి ఉంటే శక్తి కుడి మోకాల్లో లేదన్నమాట. సంగతి డైరీలో ఉండి తీరాలి.

పాత డైరీలన్నీ అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. మర్నాడు పొద్దున్న స్టూలు వేసుకుని ఎక్కాను. "పడతారు, దిగండి," అని మా ఆవిడ అరుస్తూనే ఉంది. పడలేదు. పెట్టెను జాగ్రత్తగా దింపి, నేల మీద పెట్టి, కావలసిన డైరీ తీశాను. లేవబోయాను. నడుములో చిటుక్కుమని ఒక చప్పుడు. అంతే. నేలకు సమాంతరంగా నిలబడిపోయాను.

నా కేకకు మనవరాలు పరిగెత్తుకొచ్చింది. దాని వెనక గోడ పట్టుకుంటూ అక్క వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం నోరు తెరిచి, పకపకా నవ్వేసింది. నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను.

"దొరికావురా! డెబ్బై రెండేళ్ళకి దొరికావు! ఒసే, ఈణ్ణి అరుగు మీదకి తీసుకు రండి!"

మా ఆవిడా మనవరాలూ కలిసి నన్ను నడిపించి బోర్లా పడుకోబెట్టారు. నమ్మినా నమ్మకపోయినా ఆ నొప్పిలో కాదనే ఓపిక లేదు. అక్క స్తంభం పట్టుకుంది. నాకు అరుగు గచ్చు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆవిడ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి ప్రయత్నించింది. మూడోసారి "అమ్మా" అంది. కాలు జానెడు కూడా లేవలేదు.

మెల్లిగా కూర్చుండిపోయింది. నవ్వు పోయింది. "ఒక్కగానొక్క తమ్ముడివి," అంది. "నీకే లేకపోనాది."

నేను పడుకునే వాదన మొదలుపెట్టాను. మనవరాలి చేత ఆ డైరీ పైకి చదివించాను. "అక్క ఎడమకాలితో తన్నింది. మిల్లు మేస్త్రీకి తగ్గింది. కందిపచ్చడి." అక్క చెవి ఒగ్గి విని, వెంటనే అడ్డం తిరిగింది.

"అప్పుడు పైన పిండికట్టు ఏసారు. లోపల ఇనుమెక్కడిది?"

"పోనీ, కుడి మోకాలికి ఇనుము పెట్టినా ఎడమకాలు ఉంటుంది కదా?"

"ఒక కాలికెక్కిన ఇనుము రెండోదానికి ఎక్కదేటి? రక్తం ఒకటే కదరా."

ఎన్నో వారసత్వం కేసులు చూశాను గానీ ఇలాంటి కక్షిదారు ఎన్నడూ తగల్లేదు. నొప్పిలో నోటికి వచ్చింది అనేశాను. "సరే. నువ్వు వెళ్ళి మోకాలు పెట్టించుకుని వచ్చి తన్ను. అంతవరకూ నేను ఇలాగే ఉంటాను. ఏ బిళ్ళా వేసుకోను."

"ఇలగ వంగెన్నాళ్ళుంటావురా?"

"నువ్వెన్నాళ్ళు కూర్చుంటే అన్నాళ్ళు."

మూడో రోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ అద్దంలో నా మొహం చూసుకుని ఆశ్చర్యపోయాను. అద్దం ఎత్తులో ఉంది. అంటే నేను నిటారుగా నిలబడ్డాను. నడుము నొప్పి తగ్గిపోయింది, నా డైరీ లెక్క ప్రకారమే. అప్పుడే మా ఆవిడ వచ్చింది. "తగ్గిందా?" అంది. నేను వేలు పెదవుల మీద పెట్టి, "తగ్గలేదు," అని చెప్పి వంగాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది. అంతా అర్థమైంది.

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవడి ముందూ వంగలేదని గొప్పలు చెప్పుకునేవారు," అంది. "మొత్తానికి అక్కగారు వంచేశారు."

అప్పటినుంచి నా జీవితం వంగి సాగింది. వంగి కాఫీ తాగాను, వంగి కూరగాయలు తెచ్చాను, పేపరు నేల మీద పరిచి చదివాను. వీధిలో సలహాలు ఎక్కువైపోయాయి. మిల్లు నుంచి వచ్చే ఎదురింటాయన రోజూ ఆగి, "ఏటి మావా, ఇంకా అలగే ఉన్నావా? పోనీ నాను తన్నీనా?" అనేవాడు. మనవరాలు అసలు సంగతి తెలియక నిజంగా బెంగపెట్టుకుంది. "మామ్మా, తాత ఇలాగే అయిపోతాడు. నీ వల్లే," అని అక్క మీద పడేది. అక్క తల తిప్పుకునేది.

డైరీ దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. యాభై ఏళ్ళలో అబద్ధం రాయలేదు. ఆలోచించి రెండు గళ్ళు గీశాను. నడుము: బాగుంది. నడక: వంగి. రోజూ ఈ రెండు ముక్కలూ రాసి సంతకం పెట్టినంత తృప్తితో మూసేవాణ్ణి.

పదిరోజులు అలా గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. మా ఆవిడ బజారుకు వెళ్ళింది, మనవరాలు కాలేజీలో ఉంది. పెరట్లో తాడు మీద ఇంటిల్లిపాది బట్టలున్నాయి. అక్క గదిలోకి తొంగి చూశాను. కళ్ళు మూసుకుని పడుకుంది. ఒక్క పరుగున పెరట్లోకి వెళ్ళి, నిటారుగా నిలబడి, చేతులెత్తి, బట్టలన్నీ లాగేశాను. అన్నాళ్ళ తర్వాత ఆకాశం చూడడం చాలా బాగుంది. మూట భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర మళ్ళీ వంగి లోపలికి వచ్చాను. అక్క అలాగే పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ అక్క అంది, "ఆ డాక్టరుకి ఫోన్ సెయ్యి. ఏ రోజు రమ్మంటాడో కనుక్కో."

నేను ఆనందం ఆపుకోలేక దాదాపు నిటారుగా లేచినంత పని చేశాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

ఆపరేషన్ ముందురోజు డాక్టరు, ఏమైనా సందేహాలుంటే అడగమన్నాడు.

"ఇనప మోకాలుతో తన్నొచ్చా బాబూ?"

"ఎవర్నమ్మా?"

"మా తమ్ముణ్ణి."

డాక్టరు మంచం పక్కన వంగి నిలబడిన నన్ను చూశాడు. ఇంటి గొడవ అనుకున్నట్టున్నాడు. ఆరు వారాల తర్వాత, మెల్లగా అయితే తన్నవచ్చన్నాడు.

ఆరు వారాలు! ఆ లెక్క నేను వేసుకోలేదు. కానీ మాట మాటే. అక్క ఇంటికి వచ్చి రోజూ కాలెత్తే కసరత్తు చేస్తుంటే, పక్కన నేను వంగి లెక్కపెట్టేవాణ్ణి. నాలుగో వారానికి వంగి వంగి నాకు నిజంగానే నొప్పి పట్టుకుంది. దాంతో రెండు గళ్ళూ ఒకటయ్యాయి. నడుము: నొప్పి. నడక: వంగి. ఆ పైవారం మళ్ళీ విడిపోయాయి. ఈలోగా సీరియల్లో ఆ అమ్మాయి చేతిలో కడ్డీ తీసేశారు, శక్తి పొరపాటున మేనత్త కూతురికి వెళ్ళింది. నా పటంలో చోటు లేక కొత్త పేజీ తీశాను. అక్క దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కసరత్తు మీదే ధ్యాస.

చివరికి ఒక గురువారం ఉదయం, ఎండ ఇంకా మొదటి మెట్టు మీద ఉండగా, నన్ను అరుగు మీద పడుకోబెట్టారు. వీధిలో సగం మంది వచ్చేశారు. ఎదురింటాయన మిల్లుకు ఆలస్యమైనా నిలబడ్డాడు. అక్క స్తంభం పట్టుకుంది. ఊపిరి పీల్చుకుంది. మడమ నా నడుము మీద తగిలింది. ఒకటి. రెండు. మూడోది కాస్త గట్టిగానే తగిలింది.

"లెగు," అంది.

లేచాను. నిటారుగా నిలబడ్డాను. ఎదురింటాయన ఈల వేశాడు. "ఇనప మోకాలు పనిచేసినాదిరో!" మనవరాలు వచ్చి నన్ను వాటేసుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది.

అక్క చెయ్యెత్తి అందరినీ ఆగమంది. "ఇంకోటి సెప్తన్నాను, ఇనండి. నాకు కోసి ఇనుమెట్టారు. అయినా పనిచేసినాది. నన్ను కోస్తే పోని శక్తి, కోసి తీసిన గుంటకి మాత్రం ఎందుకు పోతాది? ఈ గుంట కాళ్ళు కిందికున్నాయని డాక్టర్లే సెప్పారు కదా. కాబట్టి ఇది లెక్కలోకి వస్తాది. నా తరవాత ఇదే."

మనవరాలు కళ్ళు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మామ్మా, నాకు పరీక్షలున్నాయి." "గురువారం, ఆదివారమే కదే. రోజూ కాదు," అంది అక్క.

ఆ సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చాయి. మా ఆవిడ, మనవరాలు వంటింట్లో ఉన్నారు. అక్క టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది.

"మూడో రోజుకే తగ్గిపోనాది కదరా."

నేను పేపరు దించాను.

"వాన పడ్డ రోజు తలుపులన్నీ తీసే ఎళ్ళావు, మంచమ్మీంచే సూసాను. తాడు మీద గుడ్డలు లాగావు. కుర్రోడిలాగ ఎగిరావు."

"మరి చెప్పలేదేం?"

"లోపలికొస్తా మళ్ళీ వంగావు కదా. నిద్దర్లో ఉన్నాననుకుని కూడా వంగావు. నీ మొండితనం నాకు తెలీదేటి? చిన్నప్పుడు పలక కోసం రెండ్రోజులు అన్నం మానేసినోడివి. నాను ఎళ్ళకపోతే ఈడిలగే వంగి ముసిలోడైపోతాడనుకున్నాను."

"అయితే శక్తి ఉన్నట్టా, లేనట్టా?"

"నా కాలు లేచిందా, లేదా?"

"లేచింది."

"మరింకేటి? డైరీలో ఏం రాసావు?"

తీసి చదివాను. "అక్క తన్నింది. నిటారుగా నిలబడ్డాను. దోసకాయ పప్పు." మూడూ జరిగినవే. మొదటిదాని వల్ల రెండోది జరిగిందని నేను రాయలేదు, జరగలేదనీ రాయలేదు.

"బాగున్నాది," అంది అక్క. "ఉండు, వచ్చేసినాది." ప్రకటనలు అయిపోయాయి.

ఆ ఆదివారం ఎదురింటాయన నిజంగానే నడుము పట్టుకుని వచ్చాడు. నేను డైరీ తెరిచి కూర్చున్నాను. వెనక పేజీలో మా సొంత వంశవృక్షం గీసి, అక్క సున్నా పక్కన ఒక చుక్క, మనవరాలి సున్నా పక్కన ఇంకొక చుక్క పెట్టి ఉంచాను. మనవరాలు పరీక్ష పుస్తకం గూట్లో పెట్టి, ఆయన తనకంటే పెద్దవాడు కాబట్టి ముందు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. స్తంభం పట్టుకుని కాలెత్తింది. అక్క పక్కనే, ఏ గోడా పట్టుకోకుండా నిలబడి ఉంది.

"వేళ్ళతో కాదే," అంది. "మడంతో. ఆఁ, అలగ."